విరాటసభయందలి పాచికవ్రేటు

స్వలింగానురాగులను ద్వేషింపవలయునని మతము పేర బోధించు తీవ్రవర్గములు పలుమతములయందుఁ గలవు. వాని బోధలపై లోకమునఁ గోపము పొడమినది. ఆ కోపము న్యాయ్యమే. అయినను సాహిత్యవిమర్శకులు విచారింపవలసిన దొకటి మిగిలియున్నది. ఆ బోధకులు ప్రమాణముగాఁ జూపు మన ప్రాచీనవాఙ్మయము నిజముగా వారి పక్షమున నున్నదా?

ముందు చరిత్రము. 1860 నాఁటి భారతశిక్షాస్మృతి 377వ సెక్షను ఈ విషయమున యావజ్జీవశిక్ష వఱకు విధించెను. సమ్మతిగల వయోజనుల యెడ నది చెల్లదని 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పఁగా, పలువురు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. అన్యవిషయములఁ బొసఁగని ముస్లిం పర్సనల్ లా బోర్డును, కొన్ని క్రైస్తవసంఘములును, మనువు పేరు దాల్చిన క్రాంతికారీ మనువాదీ మోర్చాయు నిచట నొక్కపక్షమున నిలిచెను. న్యాయస్థానమున వాదించుట వేఱు, ద్వేషము బోధించుట వేఱు. ఈ భేదమును విస్మరింపరాదు. 2013 డిసెంబరు 11న హైకోర్టు తీర్పు కొట్టివేయఁబడెను. నాలుగు దినములకే దేశవిదేశనగరములయందు జనులు వీథులకు వచ్చి తమ యాగ్రహమును వెల్లడించిరి. 2018 సెప్టెంబరు 6న నేవురు న్యాయమూర్తు లేకగ్రీవముగా 2013 నాఁటి తీర్పును ద్రోసిపుచ్చిరి. తెలుఁగునేల మీఁద, హిజ్రాలపేళ్లు పోలీసుపట్టికల కెక్కించిన 1919 నాఁటి హైదరాబాదుచట్టమును 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు కొట్టివేసెను.

ఇఁక ప్రమాణవిచారము. ఇది పరదేశమునుండి వచ్చిన దోషమనియు, మన శాస్త్రములు దీనిని మహాపాతకముగా నెంచినవనియుఁ బూర్వపక్షము. మొదటిది నిలువదు. తృతీయాప్రకృతి యను మాట యమరకోశముఁ జదివిన బాలునకును దెలియును. వాత్స్యాయనుఁ డా ప్రకృతివారికి వేఱుగ నొక యధ్యాయమే కేటాయించెను. పరదేశమునుండి వచ్చినదానికి నిఘంటువున నింతటి ప్రాచీనస్థాన మెట్లు కలుగును?

రెండవదానిని మనువునందే చూతము. పదునొకండవ యధ్యాయమునఁ బురుషుఁడు పురుషునిఁ గూడుటకుఁ జెప్పిన ప్రాయశ్చిత్తము సచేలస్నానము. ఆ శ్లోకముననే పగటివేళ గాని, నీటియందుఁ గాని, యెద్దులబండియందుఁ గాని స్త్రీనిఁ గూడుటకును నదియే స్నానము. కౌటిల్యుఁడు దీనికి విధించినది ప్రథమసాహసదండము, అనఁగా 48 మొదలు 96 పణముల వఱకు ధనము. నేను శాస్త్రములు దీని నామోదించిన వనుట లేదు. మనువే మఱియొకచోట దీనిని జాతిభ్రంశకరములలోఁ జేర్చెను. కన్యను దూషించు స్త్రీకి వ్రేళ్లు నఱకుటయుఁ జెప్పెను. ఈ వాక్యములను దాఁచుట పండితధర్మము కాదు. అయినను స్నానముతోఁ దీఱు దోషమును యావజ్జీవశిక్షకుఁ దగిన పాపముగాఁ జూపుటయు మనువు పేర నసత్యమాడుటయే.

శాస్త్రముకంటెఁ గావ్యము లోఁతుగాఁ జూచును. తెలుఁగునాఁట వానలు వెనుకఁబట్టినపుడు విరాటపర్వము చదివించుట యాచారము. రొంపిచెర్ల మొదలగు పల్నాటి యూళ్ల రైతునకుఁ దిక్కన చెప్పిన బృహన్నల పొరుగువానివలెఁ బరిచితుఁడు. విరాటుఁ డాతనిఁ బరీక్షించి, తన కూఁతునకు నాట్యాచార్యునిగా నియమించెను. అంతవఱకు నాదరమే. కాని యుత్తరుఁడు కౌరవులను గెలిచెనను వార్త వచ్చినపుడు రాజు కొడుకును బొగడుచు జూదమాడుచుండఁగా, బృహన్నల సారథియైనచోట జయము వింతకాదని కంకుఁడు పలికెను. పేడిని దన కొడుకుతో సరిపోల్చుటకు సహింపక విరాటుఁడు పాచికతోఁ గంకుని మొగముపైఁ గొట్టెను. పేడికిఁ గూడు పెట్టుటకు సమ్మతించినవాఁడు పేడికిఁ గీర్తి కలుగుట నోర్వలేకపోయెను. ద్వేషబోధకుల హృదయ మిదియే.

బృహన్నల స్వలింగానురాగి కాఁడు; తృతీయాప్రకృతియు స్వలింగానురాగమును నొకటి కావు. అట్లని కలుపుట పరిశోధనకుఁ గళంకము. నేను జూపునది వ్యక్తుల సామ్యము కాదు, తిరస్కారము యొక్క సామ్యము. ఒకని యోగ్యతను జూడక వాని ప్రకృతిని మాత్రమే చూచు దృష్టి రెండుచోట్లను నొక్కటే.

కోపమునకును నిచటనే పాఠము కలదు. ధర్మజుఁడు తన నెత్తురు నేలఁబడనీయక దోసిటఁ బట్టెను. ఆ నెత్తురు చూచినచో నర్జునుఁడు విరాటుని వధించునని యెఱిఁగి, యుత్తరుని మాత్రమే లోనికిఁ బంపుమని ద్వారపాలునకుఁ జెప్పెను. అపరాధి యొకఁడైనచో దేశమంతయు నేల నశింపవలయును? ద్వేషబోధకునిపైఁ గోపము వాని మతమునందలి సాధుజనులందఱిపైఁ బడరాదు. అట్లని ధర్మజుఁడు తన మాటను వెనుకకుఁ దీసికొనలేదు. నిజము తెలిసినపుడు విరాటుఁడే క్షమాపణ వేఁడెను.

కావున పాఠశాలాపండితుల కొక విన్నపము. తోడిబాలుని పేడియని వెక్కిరించు విద్యార్థి ప్రతిబడిలోను గలఁడు. ఆ పదము వానికి మనము చెప్పిన పాఠమునుండియే దొరకినదేమో. ఈ ఘట్టముఁ జెప్పునపుడు పదమునకు నర్థము వ్రాయించి యూరకుండక, పాచిక విసరినవాఁ డెవ్వఁడో, పిదపఁ దలవంచినవాఁ డెవ్వఁడో యడుగుఁడు. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసిన బాలుఁడు రేపు ద్వేషబోధకుని యెదుటఁ గూర్చున్నను, వాని మాటకుఁ దలయూఁపఁడు.