ప్రతి అరగంటకూ 140

కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలిందని ఎవరైనా వస్తే నేను ముందు బిల్లులు చూడను. డిశ్చార్జ్ సమ్మరీ కూడా పక్కన పెట్టేస్తాను. అది ఇంటికి పంపేటప్పుడు తీరిగ్గా కూర్చుని టైపు చేసిన కాగితం. నాకు కావాల్సింది కేస్ షీటు. డ్యూటీ నర్సులు హడావుడిలో నిలబడి రాసినది, మరకలూ కొట్టివేతలూ ఉన్నది. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్ చౌరస్తాకు కాస్త లోపల మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. వినియోగదారుల కమిషన్‌లో వైద్యం కేసులు నడిపే వకీలుకు చట్టం పుస్తకాల కంటే భూతద్దమే ఎక్కువ పనికొస్తుందని ఆ గదిలో కూర్చునే తెలుసుకున్నాను.

ఈమధ్య చూసిన ఒక జిరాక్స్ కట్ట సంగతి చెబుతాను. ఆస్పత్రి పేరు అనవసరం. తొలిచూలు, నెలలు నిండాయి, సాయంత్రం నొప్పులతో చేరింది. లేబర్ రూమ్ చార్టులో ఆరింటి నుంచి ప్రతి అరగంటకూ బిడ్డ గుండె చప్పుడు రాశారు. 140, 140, 140, 140. పేజీ కింది దాకా అదే. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 దాకా ఎంతైనా కొట్టుకోవచ్చు. నొప్పి వచ్చినప్పుడూ, బిడ్డ కదిలినప్పుడూ మారుతూనే ఉంటుంది. తొమ్మిది గంటలపాటు ఒక్క అంకె అటూ ఇటూ కాకుండా కొట్టుకునే గుండె నాకు తెలిసి కాగితం మీదే ఉంటుంది. ఇంకోటి, రాత్రి ఎనిమిదింటికి నర్సుల డ్యూటీ మారింది. సంతకం మారింది. అంకెల చేతిరాత మాత్రం మారలేదు, పెన్ను కూడా అదే.

తర్వాతి పేజీ నర్సుల నోట్స్. పదింటికి సెలైన్‌లో నొప్పుల మందు పెట్టారు. పదకొండున్నరకు చుక్కలు పెంచారు. ఒంటిగంటకు ఉమ్మనీరు పచ్చగా వచ్చిందని ఉంది. దాని పక్కనే, మన రాష్ట్రంలో ఏ కేస్ షీటు తిప్పినా కనిపించే మాట: 'మేడంకు ఫోన్‌లో తెలిపాం'. మేడం ఏం చెప్పారో లేదు. ఎప్పుడు వచ్చారో వెతుక్కుంటే మూడుంపావుకి తేలింది. బిడ్డ మూడు నలభైకి పుట్టాడు, ఏడవలేదు. ఐదో నిమిషానికి అప్గార్ స్కోరు 8 అని వేశారు. పదికి ఎనిమిదంటే గులాబీరంగులో, గట్టిగా ఏడుస్తూ ఉండాల్సిన బిడ్డ. ఆ బిడ్డను గంట తిరక్కుండానే గొంతులో గొట్టం వేసి ఇంకో ఆస్పత్రికి ఎందుకు పంపినట్టు?

ఇలాంటప్పుడు అసలు సాక్షి రెండో ఆస్పత్రి. అక్కడి డాక్టరుకు మొదటి ఆస్పత్రిని కాపాడాల్సిన పనీ లేదు, ఇరికించాల్సిన పనీ లేదు. బిడ్డ ఏ స్థితిలో వచ్చాడు, ఎన్నింటికి వచ్చాడు, ఫిట్స్ ఎప్పుడు మొదలయ్యాయి, రక్తంలో ఆమ్లం ఎంతుంది అన్నవి చేర్చుకున్న నిమిషంలోనే రాసేస్తారు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువు ఒంటిని చల్లబరిచే చికిత్స పుట్టిన ఆరు గంటల్లోపు మొదలు కావాలి. కాబట్టి అంబులెన్స్ స్లిప్పు మీది టైము కూడా సాక్ష్యమే. చాలామంది దాన్ని పారేస్తారు.

ఆ బిడ్డ నానమ్మ నా ఎదురుగా కూర్చుని, "ఏం జేస్తం సారూ, పేగు మెడల ఏసుకొని పుట్టిండు, వాని రాత గట్లున్నది" అంది. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమని, నూనెలో ముఖం చూపించాకే మేనమామ బిడ్డను చూడాలని మనవాళ్ల నమ్మకం. ఆ తంతు కూడా జరిపించారట. ఆస్పత్రి వాళ్లు చెప్పిన కారణమూ పేగే. ఈ రెండూ ఎంత చక్కగా అతుక్కుంటాయో చూడండి. ఇంట్లో ముందే ఉన్న నమ్మకానికి తెల్లకోటు ముద్ర పడేసరికి ఇక ప్రశ్న అన్నది పుట్టదు. నిజానికి బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో కనిపిస్తుంది. ఆ పిల్లల్లో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా పెరుగుతారు. పేగు చుట్టుకుందా లేదా అన్నది కాదు అడగాల్సింది. బిడ్డ నలిగిపోతున్నాడని గుండె చప్పుడు చెబుతుంటే ఎవరు విన్నారన్నది.

అలాగని ప్రతి వైకల్యం వెనకా డాక్టరు తప్పు ఉందనుకునే వకీళ్లతో నాకు పేచీ ఉంది. సెరిబ్రల్ పాల్సీకి కష్టమైన కాన్పే కారణమని 1862లో లండన్ వైద్యుడు విలియం లిటిల్ రాశాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును, కలల ఫ్రాయిడే, కష్టమైన కాన్పు కొన్నిసార్లు కారణం కాదు, కడుపులోనే జరిగిన నష్టానికి గుర్తు మాత్రమే కావచ్చునన్నాడు. ఈనాటి వైద్యం చాలా కేసుల్లో ఫ్రాయిడ్ వైపే మొగ్గుతుంది. ఇన్ఫెక్షన్, జన్యువులు, నెలలు నిండకపోవడం, ఎన్నో ఉంటాయి. భుజం ఇరుక్కుని చేతి నరాలు సాగిపోయే ఎర్బ్స్ పాల్సీ కూడా ఒక్కోసారి ఎంత జాగ్రత్తపడ్డా జరుగుతుంది. కానీ ఆయా పొట్టమీద మోచేత్తో నొక్కిందని తల్లి చెప్పినప్పుడు, ఆ మాట కేస్ షీట్లో ఎక్కడా లేనప్పుడు, నేను కళ్లజోడు సవరించుకుంటాను. కాగితాలు చూశాక కేసు వద్దని చెప్పి పంపిన ఇళ్లూ ఉన్నాయి. వాళ్లలో కొందరు తేలికపడి వెళ్లారు.

కేసు ఉందనిపిస్తే మాత్రం గడియారం చూడాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ రెండేళ్ల గడువు పెట్టింది. ఇక్కడే కుటుంబాలు చితికిపోయేది. ఎనిమిదో నెలలో మెడ నిలపలేదని అనుమానం మొదలవుతుంది. "మగపిల్లాడు కదా, ఆలస్యంగా నడుస్తాడు" అంటారు పెద్దవాళ్లు. ఆ మందు, ఈ తైలం, ఆ దర్గా, ఈ మొక్కు. ఏడాదిన్నర దాటాక ఎవరో న్యూరాలజిస్టు సెరిబ్రల్ పాల్సీ అని కాగితం మీద పెడతాడు. మిగిలింది ఆరు నెలలు. నష్టం తర్వాత బయటపడే కేసుల్లో తెలిసిన నాటి నుంచి గడువు లెక్కించవచ్చని 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, తొమ్మిదేళ్లు ఊరుకున్న మహిళ ఫిర్యాదును కొట్టేసింది కూడా. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. సివిల్ దావాకైతే మైనరుకు వయసు వచ్చే దాకా లిమిటేషన్ చట్టం ఆగుతుంది. కానీ ఆస్పత్రి రికార్డు ఆగదు. 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరిస్తే చాలు. అదే నియమావళి, అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలనీ చెబుతోంది. "అది ఆస్పత్రి వాళ్లది కదా, మాకెట్లిస్తరు?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఆ 72 గంటలే.

మా కంచన్‌బాగ్‌లో ఇంకో అపోహ ఉంది. డీఆర్‌డీఎల్, మిధాని, బీడీఎల్ ఉద్యోగుల కుటుంబాలు బోలెడు. కాన్పు ఖర్చు సంస్థ కట్టింది, మా జేబులోంచి పైసా పోలేదు, మాకేం హక్కుంటుంది అనుకుంటారు. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ సందేహం తీర్చేసింది. ఉద్యోగ నిబంధనల కింద యజమాని కట్టినా, బీమా కంపెనీ కట్టినా అది ఉచిత వైద్యం కాదు, రోగి వినియోగదారుడే. 2007లో ఈఎస్ఐ ఆస్పత్రులనూ ఇదే గాటన కట్టింది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. అమ్మాయి కాపురం ఇక్కడ, కాన్పు నల్గొండలోనో పాలమూరులోనో. పాత చట్టంలో తారీఖు తారీఖుకీ అక్కడికే పరుగెత్తాలి. ఇప్పుడు ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. అంటే మనకు నాంపల్లి. మీరు కోటి అడిగినా సరే, ఆస్పత్రికి చెల్లించిన సొమ్ము రూ.50 లక్షలు దాటనంత వరకూ అది జిల్లా కమిషన్‌దే. చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు కూడా లేదు. తల్లిదండ్రులూ బిడ్డా అందరూ వినియోగదారులే అని, ఎవరి పరిహారం వారికి ఇవ్వవచ్చని 1998లోనే స్ప్రింగ్ మెడోస్ కేసు తేల్చింది. బిడ్డ పేరున ఒక పద్దు, తల్లిదండ్రుల పేరున ఒక పద్దు అడగడం మరవొద్దు.

నిపుణుడి సాక్ష్యం ఎక్కడ తేవాలన్నది అందరి భయం. డాక్టరు మీద డాక్టరు చెప్పడు, నిజమే. దీనికి మన హైదరాబాదే దారి చూపింది. మలేరియా విభాగంలో పనిచేసే ప్రభుత్వోద్యోగి భార్యకు మలేరియాకు బదులు టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం పరిహారం ఇచ్చింది, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. 2010లో వి. కిషన్ రావు కేసుగా సుప్రీంకోర్టు ముందుకొస్తే, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదు, తప్పు కళ్లకు కడుతుంటే కమిషనే తేల్చవచ్చని జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. అందిన పరిహారం రెండు లక్షలే. ఆ తీర్పును మాత్రం నాలాంటి వాళ్లు ఇప్పటికీ వాదనలో ముందు పెడుతున్నారు.

పేట్లబుర్జు లాంటి చోట్ల, అందరికీ పూర్తి ఉచితంగా కాన్పులు చేసే సర్కారు ఆస్పత్రులు శాంత తీర్పు ప్రకారం వినియోగదారుల చట్టం పరిధిలోకి రావు. అంతమాత్రాన దారులు మూసుకుపోవు. సివిల్ దావా ఉంది, హైకోర్టులో రిట్ ఉంది. చాలామందికి తెలియనిది శాశ్వత లోక్ అదాలత్. కోర్టు ఫీజు లేదు, ఆస్పత్రి సేవలూ దాని పరిధిలోవే, కోటి రూపాయల దాకా వినగలదు. రాజీ కుదరకపోతే తీర్పు కూడా చెప్పగలదు. సర్కారు ఆస్పత్రుల మీద కేసు తేలడానికి ఎంతకాలం పడుతుందంటే, ఔరంగాబాద్ సివిల్ ఆస్పత్రిలో 1963 జూలైలో కాన్పుకు చేరిన ఒక తల్లి కడుపులో గుడ్డ వదిలేశారు, ఆమె చనిపోయింది. ప్రభుత్వానిదే బాధ్యతని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. చెన్నై ఎగ్మూరు ఆస్పత్రిలో 1996లో 29వ వారంలో, 1,250 గ్రాముల బరువుతో ఒక పాప పుట్టింది. నెలలు నిండని పిల్లలకు చేయించాల్సిన కంటి పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు, చూపు పోయింది. జాతీయ కమిషన్ 2009లో రూ.5 లక్షలు ఇస్తే, 2015లో సుప్రీంకోర్టు దాన్ని సుమారు రూ.1.8 కోట్లు చేసింది, తమిళనాడు ప్రభుత్వంతో సహా కట్టమంది. అప్పటికి ఆ పాపకు పద్దెనిమిది నిండాయి.

మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. డాక్టరు రిజిస్ట్రేషన్ ఆపగలరు, మీకు రూపాయి ఇప్పించలేరు. పోలీసు కేసు మాటకొస్తే, 2005 జేకబ్ మాథ్యూ తీర్పు తర్వాత ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప నేరం నిలవదు, పైగా ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. భారతీయ న్యాయ సంహితలో మరణమైతే 106వ సెక్షన్, గాయమైతే 125. నేను కాదనను, కానీ అదొక్కటే పట్టుకుని రెండేళ్లు పోగొట్టుకోవద్దంటాను.

ఇక ఆస్పత్రి ముందు ధర్నా. బస్తీ నాయకుడు వస్తాడు, అద్దాలు పగులుతాయి, సాయంత్రానికి లోపల గదిలో బేరం కుదురుతుంది. రెండు లక్షలో మూడు లక్షలో చేతిలో పెట్టి, 'ఇకపై ఎలాంటి ఫిర్యాదూ లేదు' అన్న కాగితం మీద తండ్రి సంతకం తీసుకుంటారు. నాయకుడి వాటా సంగతి వేరే. బిడ్డకు ఫిజియోథెరపీకే ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ లెక్కేయరు. అద్దాలు పగలగొట్టినందుకు ఆస్పత్రుల మీద దాడులను అడ్డుకునే 2008 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు అదనం.

కేసు నడుస్తున్నంత కాలం బిడ్డ ఎదుగుదల ఆగదు. బోయిన్‌పల్లిలోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థలో చిన్నప్పుడే శిక్షణ మొదలుపెట్టించండి, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు పెట్టుకోండి. ఆ రసీదులన్నీ రేపు పరిహారం లెక్కకు ఆధారాలే.

వకీలు ఫీజు ఇచ్చుకోలేమని ఆగినవాళ్లకు ఒక మాట. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ ఉంది, ఫోను 15100. రికార్డు కోసం దరఖాస్తు మాత్రం వకీలు దొరికేదాకా ఆపకండి. తెల్లకాగితం మీద తల్లి పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ రాసి రెండు కాపీలు తీయండి. ఒకదాని మీద ఆస్పత్రి స్టాంపు వేయించుకోండి. వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.