చెక్, స్లోవాక్ వలస వారసత్వ పరిరక్షణ: వంశచరిత్ర సంఘం, ‘మై ఆంటొనియా’ నవల - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలోని చెక్, స్లోవాక్ సంతతివారి వంశచరిత్ర సంఘం చేస్తున్న కృషిని విల్లా కేథర్ నవల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పత్రం మిగిలినంత మాత్రాన వారసత్వం మిగలదనీ, దాన్ని గుర్తుపట్టగల మనిషి కూడా ఉండాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వంశచరిత్ర, వలస, చెక్, స్లోవాక్, విల్లా కేథర్, వారసత్వం.

1. ఉపోద్ఘాతం

విల్లా కేథర్ రచించిన ‘మై ఆంటొనియా’ 1918లో వెలువడింది. చెకొస్లొవేకియా దేశం ఏర్పడినదీ అదే సంవత్సరం, అక్టోబరు 28న. బొహీమియా నుంచి నెబ్రాస్కా మైదానాలకు వలస వచ్చిన షిమెర్దా కుటుంబం ఈ నవలకు కేంద్రం. ఏడు దశాబ్దాల తరువాత, 1988లో, అటువంటి కుటుంబాల వారసులు మిన్నెసోటాలో ఒక వంశచరిత్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. నేడు అది ‘చెకొస్లొవాక్ జీనియలాజికల్ సొసైటీ ఇంటర్నేషనల్’గా పనిచేస్తున్నది. నవల, సంఘం రెండూ వారసత్వాన్ని భద్రపరచినవే. అయితే ఒకటి దాచినది మరొకదానిలో దొరకదు.

2. పొయ్యిలో పడిన పుట్టగొడుగులు

నవలలో ఒక చలికాలపు ఘట్టం ఉంది. ఆకలితో ఉన్న షిమెర్దాలకు పొరుగు కుటుంబం ఆహారం తీసుకువెళుతుంది. షిమెర్దా భార్య బదులుగా ఎండిన గోధుమరంగు తునకలున్న చిన్న సంచిని కానుకగా ఇస్తుంది. అవేమిటో తెలియని పొరుగింటి అవ్వ వాటిని పొయ్యిలో వేస్తుంది. అవి బొహీమియా అడవుల నుంచి వచ్చిన ఎండు పుట్టగొడుగులని కథకుడు జిమ్‌కు ఎన్నో ఏళ్ల తరువాత గాని తెలియదు. ఇచ్చిన చేతికి అవి సముద్రం దాటించి తెచ్చుకున్న సంపద. అందుకున్న చేతికి చెత్త. ఇక్కడ ఎవరిలోనూ దురుద్దేశం లేదు. గుర్తుపట్టేవారు లేకపోవడమే నష్టానికి కారణం.

3. చదవలేని పత్రాలు

కుటుంబ పత్రాలకూ ఇదే ప్రమాదం ఉంది. 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ఆదేశంతో చర్చి రిజిస్టర్లకు అధికారిక ప్రతిపత్తి లభించింది. బొహీమియా రిజిస్టర్లు లాటిన్, జర్మన్, చెక్ భాషలలో కనిపిస్తాయి; జర్మన్ నమోదులు చాలావరకు నేటి జర్మన్లే సులభంగా చదవలేని పాత గొలుసుకట్టు లిపిలో ఉంటాయి. స్లోవాక్ ప్రాంతం హంగరీ రాజ్యంలో భాగం కావడం వల్ల అక్కడ లాటిన్‌తో పాటు హంగేరియన్ కూడా కావాలి. నేటి బ్రాటిస్లావా జర్మన్ పత్రాలలో ప్రెస్‌బర్గ్‌గా, హంగేరియన్ పత్రాలలో పొజొనీగా ఉంటుంది. స్త్రీల ఇంటిపేరు చివర వచ్చే ‘ఒవా’ ప్రత్యయం అమెరికాలో సాధారణంగా జారిపోయింది. ఈ మెలకువలను కొత్త తరానికి నేర్పడమే వంశచరిత్ర సంఘానికున్న అసలు ప్రయోజనం.

కేథర్ శీర్షికే దీనికి నిదర్శనం. ఆంటొనియా పేరులోని తొలి అక్షరంపై ఆమె ఒక గుర్తు పెట్టి, అక్కడ గట్టిగా ఊని పలకాలని పాదసూచికలో వివరించారు. చెక్ లిపిలో ఆ గుర్తు దీర్ఘాన్ని సూచిస్తుంది. ఊనిక సహజంగానే తొలి అక్షరంపై ఉంటుంది కనుక దానికి వేరే గుర్తు అవసరం లేదు. అంటే ఆ పేరు ఆంగ్ల పాఠకుని కోసం సవరించుకున్న పేరు. ‘మై’ అన్న మాట కూడా బయటివాడైన జిమ్‌దే.

4. పత్రానికి అందనిది

మరోవైపు, రిజిస్టరుకూ పరిమితులున్నాయి. షిమెర్దా ఆత్మహత్యను అది ఒక వరుసలో నమోదు చేయగలదు. స్వదేశంలో పెళ్లిళ్లకు వయొలిన్ వాయించిన ఆ మనిషి ఇక్కడ దాన్ని ఎందుకు ముట్టలేదో చెప్పలేదు. నార్వేజియన్ల శ్మశానం అతనికి చోటు నిరాకరించిన అవమానం వంశవృక్షంలో కనిపించదు. నవల చివరి భాగంలో ఆంటొనియా ఒక పెట్టెనిండా ఉన్న ఫోటోలను బయటకు తీస్తుంది. పిల్లలకు ఆ ముఖాలూ వారి కథలూ ముందే తెలుసు. ఇంట్లో బొహీమియన్ మాట్లాడే ఆ పిల్లలు బడికి వెళ్లాకే ఇంగ్లీషు నేర్చుకుంటారు. పత్రమూ, భాషా, కథా ఒకేచోట కలిసిన సందర్భం అది.

5. ‘మా’, ‘మన’

సంఘం పత్రిక పేరు ‘నషె రొదినా’. దీనిని ‘మా కుటుంబం’ అని అనువదించాలా, ‘మన కుటుంబం’ అనాలా? చెక్ భాషలో ఈ రెంటికీ మాట ఒకటే. తెలుగులో ఎంచుకోక తప్పదు. రక్తసంబంధమే కొలమానమైతే వంశచరిత్ర సులభంగా ‘మా’ దగ్గర ఆగిపోతుంది. ఈ సంఘం మాత్రం 1918 నాటి సరిహద్దులను ఆధారంగా తీసుకుని చెక్, స్లోవాక్ కుటుంబాలతో పాటు అక్కడి జర్మన్, హంగేరియన్, యూదు, రుసిన్ కుటుంబాలనూ తన పరిధిలో చేర్చుకున్నది. 1993 జనవరి 1న ఆ దేశం రెండుగా విడిపోయినా తన పేరును మార్చుకోలేదు. ఈ విశాలత దాని పనిలోని ఉత్తమాంశం.

6. ముగింపు

సంఘం పేర్లనూ తేదీలనూ ఊళ్లనూ చదివే నైపుణ్యాన్ని నిలుపుతుంది. నవల వాటి వెనుక ఉన్న మౌనాన్ని వినిపిస్తుంది. లిపి తెలియని వారసునికి తాత పత్రం ఎండిన తునకల సంచి వంటిదే. కథ తెలియని వారసునికి అదే పత్రం ఒక పేరు, ఒక తేదీ మాత్రమే. కాబట్టి వలస వారసత్వాన్ని అధ్యయనం చేసే సాహిత్య పరిశోధకులు వంశచరిత్ర సంఘాలను ఔత్సాహికుల కాలక్షేపంగా పక్కన పెట్టకుండా, వాటి పత్రాలను సాహిత్యపాఠంతో కలిపి చదవవలసి ఉంది.