ఆసుపత్రి గడప దగ్గర ఆగిపోయే మన కథ

మన కథల్లో డోలీ తరచుగా కనిపిస్తుంది. వాగు పొంగుతుంది, రోడ్డు ఉండదు, నొప్పులు పడుతున్న మనిషిని నలుగురూ భుజాన మోస్తారు. ఆసుపత్రి కనబడగానే కథ అయిపోతుంది. చదివినవాళ్ళు 'అమ్మయ్య, చేరింది' అనుకుంటారు. మేమూ అలాగే రాశాం. గడప దాటాక ఏం జరిగిందో మాత్రం రాయలేదు. మన రాతల్లోని ఆ లోపం గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

వట్లూరులో గది తీసుకుని చదువుకునే రోజుల్లో, బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చిన మాలో ఒకరి పెద్దమ్మను పొట్ట స్కానింగ్‌కి తీసుకెళ్ళాం. ఈ స్కానింగ్‌కి నీళ్ళు బాగా తాగి, ఒంటేలు ఆపుకుని ఉండాలి. మాకెవరూ చెప్పలేదు. "ఏయ్, నీళ్ళు తాగలేదా? మీకెన్నిసార్లు చెప్పాలి?" అని కసిరారు. మా ముందున్న ఆవిడ కూడా తాగకుండానే వచ్చింది. ఆమె జరీచీర కట్టుకుంది. ఆమెతో మాత్రం "మీరు కాసేపు కూర్చోండమ్మా" అన్నారు.

తర్వాత బల్ల ఎక్కించారు. తలుపు తీసే ఉంది. గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నారు. "నెలసరి ఎక్కువ పోతోందా?" అని గట్టిగా అడిగారు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. కాగితం మీద 'లేదు' అని ఎక్కింది. ఆమె అంత దూరం వచ్చిందే ఆ బాధతో. ఆ గదిలో మర్యాద తప్పింది, దానితోపాటు వైద్యమూ తప్పింది.

మేం నోరు మెదపలేదు. రాత్రి గదికి వచ్చాక పెద్దమ్మ అసలు సంగతి చెప్పింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. మాలో ఒక అమ్మాయి నర్సుతో, "అక్కా, ఆ తలుపు కాస్త వేయండి. పెద్దమ్మ ఒక మాట చెప్పాలి, ఆడవాళ్ళ ముందే చెబుతుంది" అంది. నర్సు ఒక్క క్షణం చూసి తలుపు వేసింది. 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశారు. రక్తపరీక్ష కూడా రాశారు.

జనం ఎక్కువ, సిబ్బంది తక్కువ అంటారు. నిజమే, ఆ నర్సు పొద్దుటి నుంచీ కూర్చోలేదు. అయితే పని ఒత్తిడి అందరినీ ఒకేలా కసరాలి. ఒకరిని 'మీరు', ఒకరిని 'ఏయ్' అని విడదీసేది ఒత్తిడి కాదు, చిన్నచూపు.

ఆ చిన్నచూపుకి మన రాతలూ కొంత సాయం చేస్తున్నాయి. 'అమాయక గిరిజనులు' అని పత్రికలు రాస్తే, మనమూ అదే మాట ఎత్తుకున్నాం. అమాయకులైతే వాళ్ళకి వివరం చెప్పనక్కర్లేదు, వాళ్ళని అడగనక్కర్లేదు. కసిరే మనిషీ జాలిపడే రచయితా ఇద్దరూ అనుకునేది ఒకటే: వీళ్ళకి తెలియదు. పెద్దమ్మకి అన్నీ తెలుసు. పరాయి మగవాళ్ళ ముందు చెప్పకూడదని కూడా తెలుసు.

సిగ్గు వైద్యానికి అడ్డమని కొందరంటారు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి గుండె వినాల్సి వచ్చింది. ఛాతీ మీద చెవి పెట్టడం తగదనిపించి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. చెవి పెట్టి విన్నదానికంటే స్పష్టంగా వినబడింది. స్టెతస్కోపు అలా పుట్టింది. రోగి మర్యాదని పట్టించుకున్నందుకు వైద్యం ముందుకే నడిచింది.

మన దేశంలోనూ దీనికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. అర్థమయ్యే భాషలో వివరం చెప్పాలి, రోగి గుట్టు కాపాడాలి, మగ డాక్టరు ఆడమనిషిని పరీక్షించేటప్పుడు మరో ఆడమనిషి ఉండాలి, కులాన్నిబట్టి తేడా చూపకూడదు, ఫిర్యాదు వినాలి అని అందులో ఉంది.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. సెలవు చీటీ రాయడం నేర్పినట్టే ఈ నాలుగు మాటలూ పిల్లల చేత పలికించండి: "ఈ పరీక్ష ఎందుకో చెప్పండి. తలుపు వేయండి. మా మనిషిని తోడు ఉండనివ్వండి. ఫిర్యాదు ఎవరికివ్వాలో చెప్పండి." గొంతు పెంచనక్కర్లేదు, తల దించనూ అక్కర్లేదు. నోరు పెగలనివాళ్ళకి తోడు వెళ్ళేవాళ్ళు నోరవ్వాలి. మొదటి రోజు మేము చెయ్యలేకపోయింది అదే.

రాసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. డోలీని రాయండి, రోడ్డు వచ్చేదాకా రాయాలి. కానీ కథని ఆసుపత్రి గేటు దగ్గర ఆపేయకండి. లోపల పెద్దమ్మ ఇంకా బల్ల మీదే ఉంది.