సాక్ష్యం ఎవరు చూపించాలి?

షాంఘైలో ఆ హాల్లో నేను అందరికంటే ఆలస్యంగా నవ్వుతున్నానని రెండో రోజుకి గానీ గమనించుకోలేదు. తెర మీద నటి మాట పూర్తి చెయ్యకముందే ఆ మాట మొత్తం చైనీస్ అక్షరాల్లో కింద పడిపోతుంది. హాలంతా చదివేసి నవ్వేస్తుంది. నేనేమో ఆమె నోటి నుంచి ఇంగ్లీషు మాట వచ్చేదాకా ఆగి, ఒక్కదాన్నే నవ్వి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకుంటాను. చదవకుండా విని అర్థం చేసుకోగలగడం నా గొప్పేం కాదు. ఇంగ్లీషు సాహిత్య బోధన అనేదే మన దేశంలో పాలన అవసరాల కోసం రూపుదిద్దుకున్న వైనాన్ని గౌరీ విశ్వనాథన్ 1989లోనే పుస్తకం రాసి చెప్పింది. నేను అందులో డాక్టరేట్ కూడా చేశాను. ఆ బోధన పెట్టిన చెవులతోనే అక్కడ కూర్చున్నాను.

కిందటేడు ఒక సదస్సు కోసం వెళ్ళినప్పుడు, నా పరిశోధన రోజుల్లో హాస్టల్లో పక్క గదిలో ఉండి, ఇప్పుడు అక్కడే నాటకం పాఠాలు చెబుతున్న స్నేహితురాలు నా కోసం టిక్కెట్లు కొని ఉంచింది. చైనా ప్రేక్షకుల కోసం బ్రిటిష్ సినిమాలూ, వేదిక మీద వేస్తుండగా చిత్రీకరించిన నాటకాలూ కలిపి వారం రోజుల పాటు వేసే ఉత్సవం. ఇలాంటి నాటకాల్లో ఎక్కువ భాగం లండన్ నేషనల్ థియేటర్ ద్వారా వచ్చేవే. ఆ సంస్థ 2009 జూన్‌లో హెలెన్ మిరెన్ నటించిన 'ఫెడ్ర'తో నాటకాన్ని సినిమా హాళ్ళకి ప్రసారం చెయ్యడం మొదలుపెట్టింది. 2015లో చైనాకి వచ్చింది. రెండు ప్రభుత్వాలూ సాంస్కృతిక మార్పిడి సంవత్సరంగా ప్రకటించుకున్న ఏడాది అది. ఆ ఏడాది గురించి మళ్ళీ మాట్లాడతాను.

ప్రేక్షకుల్లో పదిమందిలో ఎనిమిది మంది ఆడవాళ్ళే. ఆఫీసు బ్యాగులతో, చేతిలో టీ గ్లాసులతో ఒంటరిగా వచ్చినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఆ దృశ్యం నాకు చాలా బాగుంది. ఎవరి కోసం ఎదురుచూడకుండా రాత్రి ఆటకి ఒక్కతే వచ్చి కూర్చున్న స్త్రీ ఏ ఊళ్ళో కనిపించినా నాకు ఆ ఊరు నచ్చుతుంది.

మొదటి రోజు 'ఫ్రాంకెన్‌స్టైన్'. నిక్ డియర్ రాయగా డానీ బాయిల్ దర్శకత్వంలో 2011లో వేసిన నాటకం. బెనెడిక్ట్ కంబర్‌బాచ్, జానీ లీ మిల్లర్ రోజు మార్చి రోజు సృష్టికర్తగా, ప్రాణిగా పాత్రలు మార్చుకున్నారు. షెర్లాక్ హోమ్స్ సీరియల్ పుణ్యమా అని కంబర్‌బాచ్‌కి చైనాలో 'ఉంగరాల ఫూ' అని ముద్దుపేరు కూడా ఉంది. (హోమ్స్ పేరు చైనీస్‌లో 'ఫూ'తో మొదలవుతుంది.) హాలు కిక్కిరిసిపోయింది. నటన గొప్పగా ఉంది, కాదనను. కానీ మేరీ షెల్లీ పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టిన నవల అది. 1818లో మొదటిసారి అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరే లేదు. ఆ నవలలో ప్రాణి పెళ్ళి రాత్రి ఎలిజబెత్‌ని చంపుతుంది. నాటకంలో చంపే ముందు అత్యాచారం చేస్తుంది. ఇది మేరీ రాయలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఒక మగ రచయిత చేర్చాడు. ఎందుకు? ప్రాణి మనిషిలా మారాడని, మనిషి నుంచి క్రూరత్వం నేర్చుకున్నాడని చెప్పడానికట. అంటే ఇద్దరు మగవాళ్ళ మధ్య నడిచే తాత్విక వాదనకి ఎలిజబెత్ శరీరం ఒక ఉదాహరణ అయింది. ఆ తర్వాత ఆమెకి ఒక్క మాటా లేదు. ఆట అయ్యాక బయట పోస్టర్ దగ్గర ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళలో ఎవరూ ఆ దృశ్యం గురించి మాట్లాడలేదని నా స్నేహితురాలు చెప్పింది. మనవాళ్ళు మాట్లాడతారా అంటే నాకూ అనుమానమే.

మధ్యలో చూసిన సినిమాల గురించి ఎక్కువ చెప్పను. పచ్చిక మైదానాలు, పెళ్ళి కోసం ఎదురుచూసే అక్కచెల్లెళ్ళు, వర్షం. ఆ వారం జాబితాలో గురిందర్ చద్దా లేదు, అమా అసాంటే లేదు. 'భాజీ ఆన్ ద బీచ్' (1993) లాంటి సినిమా ఒక్కటి వేసినా, బ్రిటన్ అంటే ఆ పచ్చికే కాదని తెలిసేది. అతిథుల ముందు పెట్టడానికి ఏ దేశమైనా మంచి పింగాణీనే తీస్తుంది.

మూడో రోజు ఫీబీ వాలర్-బ్రిడ్జ్ 'ఫ్లీబ్యాగ్'. ఇంగ్లీషులో ఆ పేరు వింటేనే ఒళ్ళు దురదపెడుతుంది. నల్లులతో, మురికితో నిండినదాన్ని తిట్టే మాట. తన కోరికనీ, తన తప్పునీ, తన దుఃఖాన్నీ దాచుకోని స్త్రీకి తనకి తానే పెట్టుకున్న పేరు. చైనీస్‌లో అది 'లున్‌దున్ షెంగ్‌హువో' అయింది, అంటే 'లండన్ జీవితం'! తిట్టుని కడిగి, ఉతికి, పర్యాటక శాఖ కరపత్రం చేసినట్టు. ఇదంతా నిషేధాల భయం వల్లే అని తేల్చెయ్యలేను. మన డబ్బింగ్ సినిమాల పేర్లు మాత్రం ఏం తక్కువ తిన్నాయి! అయితే చైనాలో వయసుని బట్టి సినిమాలకి ధృవీకరణ ఇచ్చే పద్ధతి లేదు. తెర మీదకి వెళ్ళేది అందరికీ తగినదై ఉండాలి, లేదా కత్తెర పడాలి. 2019లో 'బొహీమియన్ రాప్సొడీ'లో ఫ్రెడ్డీ మెర్క్యురీ స్వలింగ ప్రేమకి సంబంధించిన దృశ్యాలు అలాగే పోయాయి. కాబట్టి ఏ పేరైనా కాస్త స్నానం చేసి రావడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే నాలుగో రోజు పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. 'ప్రైమా ఫేసీ'. సూజీ మిల్లర్ ఆస్ట్రేలియన్, రచయిత్రి కాకముందు లాయరు. నాటకం మొదట 2019లో సిడ్నీలో వేశారు. 2022లో లండన్‌లో జోడీ కోమర్ ఒక్కతే నటించింది. టెస్సా శ్రామిక కుటుంబం నుంచి వచ్చిన డిఫెన్స్ లాయరు. అత్యాచారం కేసుల్లో మగవాళ్ళ తరఫున వాదిస్తుంది, ఫిర్యాదు చేసిన స్త్రీల మాటల్లో సందులు వెతికి గెలుస్తుంది. ఒక రాత్రి తోటి లాయరు ఆమె మీదే అత్యాచారం చేస్తాడు. 782 రోజుల తర్వాత ఆమె సాక్షి బోనులో నిలబడుతుంది. తను ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నలే ఆమెని అడుగుతారు.

లాటిన్‌లో ఆ పేరుకి అర్థం 'మొదటి చూపుకి' అని. చైనీస్‌లో దాన్ని 'చుబు జ్యూజెంగ్' అన్నారు. జ్యూజెంగ్ అంటే సాక్ష్యం చూపించడం. లాటిన్ పేరులో చూసేవాళ్ళున్నారు. చైనీస్ పేరులో, చూపించవలసిన బరువు మోసేవాళ్ళున్నారు. ఈసారి అనువాదం కడగలేదు. నాటకంలో అసలు గొంతు పట్టుకునే చోటుని పేరులోకి తెచ్చిపెట్టింది.

ఆ పేరు అక్కడి స్త్రీలకి ఎలా వినబడుతుందో తెలియాలంటే ఒక కేసు గుర్తుచేసుకోవాలి. షియెన్‌జి అనే పేరుతో అందరికీ తెలిసిన యువతి, 2014లో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక ప్రసిద్ధ టీవీ వ్యాఖ్యాత తనని వేధించాడని 2018లో బయటపెట్టింది. అతను కాదన్నాడు. 2021 సెప్టెంబరులో బీజింగ్‌లోని హైదియెన్ కోర్టు, సాక్ష్యం చాలదంది. లండన్ నుంచి ఈ నాటకం సినిమా హాళ్ళకి విడుదలైంది 2022 జులైలో. షియెన్‌జి అప్పీలు కొట్టేసింది ఆ ఆగస్టులో. హాల్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. సాక్షి బోను దృశ్యంలో మాత్రం నా చుట్టూ ఊపిరి బిగపట్టుకోవడం వినబడింది. సబ్‌టైటిల్ ముందే వస్తుంది కాబట్టి వాళ్ళకి ప్రశ్న ముందే తెలుస్తోంది. నేను టెస్సాతో పాటే దెబ్బ తింటున్నాను.

ఇక్కడే నా పేచీ. 2015 అన్నాను కదా. సాంస్కృతిక మార్పిడి సంవత్సరం. ఆ మార్చిలో, మహిళా దినోత్సవానికి ఒకటి రెండు రోజుల ముందు, బస్సుల్లో లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా స్టిక్కర్లు పంచాలనుకున్న ఐదుగురు స్త్రీలని పోలీసులు పట్టుకెళ్ళి 37 రోజులు నిర్బంధించారు. అంతకు ముందు 2003 డిసెంబరులో గ్వాంగ్‌జౌలో ఐ షియావోమింగ్ అనే అధ్యాపకురాలు విద్యార్థులతో 'వెజైనా మోనోలాగ్స్'ని చైనీస్‌లో వేయించింది. మర్నాటి ఏడాది షాంఘై, బీజింగ్ ప్రదర్శనలని ఆపేశారు. సొంత ఊరి బస్సు మీద అంటించే స్టిక్కరు ప్రమాదం. లండన్ కోర్టులో జరిగే అన్యాయం, టిక్కెట్టు కొని చూసే కళ. బాధ ఎక్కడో జరిగిందన్నంత వరకే లోపలికి రానిస్తారు. బ్రిటిష్ వాళ్ళకీ ఈ ఏర్పాటుతో ఇబ్బంది లేదు. తమ న్యాయవ్యవస్థని తామే విమర్శించుకోగల విశాల హృదయం కూడా ఎగుమతి సరుకే.

బయటికొచ్చాక ఇదంతా నా స్నేహితురాలితో అన్నాను, కాస్త గట్టిగానే. పైగా టెస్సా మాటలే వృత్తిగా బతికే మనిషి, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయికి ఈ నాటకంలో చోటెక్కడ అని కూడా అడిగాను. ఆమె కోప్పడలేదు. "నోరా కూడా మా ఊరిది కాదు," అంది. ఇబ్సెన్ 'డాల్స్ హౌస్' అక్కడ ఒక తరాన్ని కుదిపేసింది. 1923 డిసెంబరులో లూ షున్ బీజింగ్‌లోని మహిళా కళాశాలలో, ఇల్లు వదిలాక నోరా ఏమవుతుంది అన్న విషయం మీద ఉపన్యసించాడు. చేతిలో డబ్బు లేకపోతే తిరిగి రావడమో, చెడిపోవడమో తప్ప దారేదీ అన్నది అతని వాదన. నా ఫ్యాక్టరీ అమ్మాయి ప్రశ్న వాళ్ళు వందేళ్ళ కిందటే వేసుకున్నారన్నమాట. దిగుమతి నాటకాన్ని ఎలా వాడుకోవాలో వాళ్ళకి నేను చెప్పేదేముంది?

ఆమె ఇంకో సంగతి చెప్పింది. తెర మీద చూసిన ఈ నాటకాన్ని చైనీస్‌లో వేదిక మీదకి కూడా తెచ్చారు. షిన్ జిలేయ్ టెస్సాగా వేసింది. సబ్‌టైటిల్ లేకుండా, వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ నటి గొంతులోనే ఆ బోను. అప్పుడు నవ్వూ ఏడుపూ ముందే వచ్చే వీల్లేదు. నా పేచీ పూర్తిగా పోలేదు గానీ, లండన్‌లో జరిగింది అనే గోడ ఆ రాత్రి ఎంత ఎత్తున ఉంటుందో చూడాలనిపించింది.

నాటకం మొదట్లో లా కాలేజీలో విద్యార్థులని అటూ ఇటూ ఉన్నవాళ్ళని చూడమంటారు, ముగ్గురిలో ఒకరు మిగలరని. చివర్లో అదే లెక్క ఆడవాళ్ళకి తిరిగొస్తుంది, వేరే అర్థంతో. హాల్లో నిజంగానే తలలు తిరిగాయి. నా కుడివైపున్న, పరిచయం లేని అమ్మాయి నన్ను చూసింది. ఆ చూపుకి నేను సిద్ధంగా లేను. నా దగ్గర ఆమెకి అర్థమయ్యే భాష ఒక్కటీ లేదు. కళ్ళు దించుకోకుండా ఉండడం తప్ప ఏం చెయ్యలేకపోయాను.

మెట్రోలో నా స్నేహితురాలు, ఈ నాటకానికి తెలుగులో ఏం పేరు పెడతావని అడిగింది. మన పేపర్ల కోర్టు వార్తల్లో 'ప్రథమదృష్ట్యా' అనీ రాస్తారు, 'ప్రాథమిక ఆధారాలు' అనీ రాస్తారు. ఒకదాంట్లో చూపు, ఒకదాంట్లో సాక్ష్యం. రెండింటి అర్థాలూ చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, రెండోది పెడితే ఆడవాళ్ళు వస్తారు, మొదటిది పెడితే జడ్జీలు వస్తారు, ఎవరు రావాలి నీకు అంది. స్టేషన్ వచ్చేసింది. ఇంకా తేల్చుకోలేదు.