చెయ్యి ఆపుకునే విద్య

మా మనవడికి ముక్కు పక్కన సెగగడ్డ లేచింది. ఖరగ్‌పూర్ ఎండలకి, చెమటకి, ఈ ఎర్రమట్టి దుమ్ముకి పిల్లల ముఖాల మీద కురుపులు మామూలే. వాడి వేలు మాటిమాటికీ అక్కడికే పోతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం మాది. మథురాకాటి క్వార్టర్లో నాయనమ్మ నాకు కాపడం పెట్టేది. పాత నూలుపంచె ముక్కని మరిగిన నీళ్లలో వేసి, కాస్త చల్లారనిచ్చి, పిండి, ముందు తన మోచేతి లోపలివైపు ఆనించి చూసుకునేది. ఓర్చుకోగల వేడి అయితేనే నా ముఖానికి. పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు. నేను గిల్లబోతే, "ఒగ్గీరా, దాని మానాన అదే పగుల్తాది" అనేది. డ్యూటీ దిగిన నాన్న గ్రీజు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే నా బుగ్గ ముట్టుకునేవాడు.

ఆ కాపడంలో ఎంత వైద్యం ఉందో పెద్దయ్యాక తెలిసింది. వెచ్చదనానికి ఆ చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది, చీము ఒకచోటికి పోగై బయటికి దారి చూసుకుంటుంది. నొక్కితే లోపలికి పోతుంది. ముక్కు మొదలు నుంచి పెదవి మూలల దాకా ఉన్న ముక్కోణంలోని సిరలకి కళ్ల వెనక, మెదడు కింద ఉన్న సిరలతో సంబంధం ఉంది. అందుకే అక్కడి కురుపుని చిదమకూడదు.

ముఖం మీది పుండు ప్రాణం కూడా తీయగలదు. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి పెన్సిలిన్ ఎక్కించారు. ముఖం మీది పుండు విషమించి అప్పటికే ఒక కన్ను పోయింది. మందు పడగానే తేరుకున్నాడు. ఉన్న కాస్త మందూ అయిపోతే అతని మూత్రం నుంచి తీసి మళ్లీ ఎక్కించారు. అదీ చాలలేదు. మార్చి 15న చనిపోయాడు. 1948లో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ లోకానికి అందింది. దాన్ని కనుగొన్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడే ఆయన కన్నుమూశారు.

కురుపుకి మందు దొరకని కాలం అంత దగ్గరిది. అందుకే దొరికిన మందుని నిర్లక్ష్యంగా వాడితే నాకు మనసొప్పదు. వయసులో ఉన్నప్పుడు ఒక మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీము రాశాను. రెండు రోజులు ఎరుపు తగ్గింది, తర్వాత బుగ్గంతా పాకింది. ఇప్పుడు మనవణ్ణి ముందే డాక్టరుకి చూపించాం. గడ్డ తగ్గినట్టు కనబడ్డా రాసిచ్చిన మందు ఆపం. వాడి తువ్వాలు, దిండుగలీబు వేరు. గోళ్లు కత్తిరించాం. జ్వరం వచ్చినా, కనురెప్ప వాచినా, తలనొప్పి పెరిగినా అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

నిన్న రాత్రి నిద్రలో వాడి వేలు మళ్లీ ముక్కు దగ్గరికి వెళ్లింది. ఆ చెయ్యి పట్టుకుని పక్కనే పడుకున్నాను. తెల్లారేసరికి గడ్డ దానంతట అదే పగిలింది. వాడి చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.