అన్నీ ఆలోచించే...

"అన్నీ ఆలోచించే చెబుతున్నానే, వద్దు!" అన్నాను మా అమ్మాయితో, వంటింట్లో కూర తరుగుతూ.

"అన్నీ అంటే ఏవేవమ్మా?" అంది.

చూశారా, ఎంత చిన్న ప్రశ్నో! బెండకాయ కత్తిపీట మీదే ఆగిపోయింది.

మాది నల్లకుంట. విద్యానగర్ దాటి కాస్త ముందుకెళితే ఉస్మానియా క్యాంపస్, ఆ పైన తార్నాక. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలైన సంస్థ, ఇప్పుడు ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా అక్కడే ఉంది. మా అమ్మాయి ఎం.ఏ. చదివింది అందులోనే. ఇప్పుడు ఆ యూనివర్సిటీకే ఉన్న షిల్లాంగ్ క్యాంపస్‌కి వెళ్ళి పరిశోధన చేస్తానంటోంది. నేను వద్దన్నాను. ఆ 'వద్దు'కి ముందు తగిలించిన మాటే ఈ "అన్నీ ఆలోచించే".

మాట తెలుగే గాని, నేను దాన్ని వాడిన తీరు మాత్రం ఇంగ్లీషువాళ్ళది. "ఆల్ థింగ్స్ కన్సిడర్డ్" అంటారు వాళ్ళు. "టేకింగ్ ఇన్‌టు అకౌంట్" అంటారు, "బేరింగ్ ఇన్ మైండ్" అంటారు, "ఆన్ బాలెన్స్" అంటారు. వాళ్ళ ఉత్తరాలూ, ఉపన్యాసాలూ, ఇంట్లో కబుర్లూ కూడా ఇలాంటి పడికట్టు మాటలు లేకుండా సాగవు.

ఈ మాటల పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది. అకౌంటంటే పద్దు. బాలెన్సంటే త్రాసు. ఇక 'కన్సిడర్' ఉందే, దాని వెనక నక్షత్రమని అర్థమున్న లాటిన్ మాట ఉందని నిఘంటువులు చెబుతాయి. అంటే మన పెద్దవాళ్ళు పంచాంగం ముందేసుకు కూర్చున్నట్టే గదా!

ఈ మాటల్ని శుభ్రంగా వాడేవాళ్ళూ ఉన్నారు. "ఆవిడ వయసు లెక్కలోకి తీసుకుంటే బాగానే నడుస్తోంది" అంటే పేచీ లేదు. లెక్కలోకి తీసుకున్నదేమిటో చెప్పేశారు, వయసు అని. చిక్కంతా "అన్ని విషయాలూ", "సంబంధిత అంశాలూ" అన్నప్పుడే. కొట్లో శెట్టిగారు తూస్తుంటే త్రాసు మన కళ్ళెదుటే ఉంటుంది. ముల్లు ఇటు మొగ్గితే "అదేమిటండీ" అని అడగొచ్చు. ఈ మాటల్లో త్రాసు తెరవెనక ఉంటుంది. తూకమైపోయింది, పొట్లం ఇదిగో, తీసుకెళ్ళమంటారు!

ఈ సంగతి జేన్ ఆస్టిన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 1811లో వచ్చిన ఆమె నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో రెండో అధ్యాయం తీసి చూడండి. జాన్ డాష్‌వుడ్ సవతి తల్లినీ, ఆమె ముగ్గురు కూతుళ్ళనీ చూసుకుంటానని చనిపోబోయే తండ్రికి మాటిస్తాడు. ఒక్కో చెల్లెలికీ వెయ్యేసి పౌన్లు ఇద్దామని మనసులో అనుకుంటాడు కూడా. అప్పుడు భార్య ఫానీ ఆలోచించడం మొదలుపెడుతుంది. మన పిల్లవాడి సంగతి ఆలోచించండి. చేయి దాటిన డబ్బు తిరిగి రాదు, ఆలోచించండి. వెయ్యి కాస్తా ఐదువందలవుతుంది. అది సవతి తల్లికి ఏటా వందవుతుంది. అదీ పోయి, అప్పుడప్పుడో యాభై అవుతుంది. చివరికి మిగిలేది ఓ చిన్న ఇల్లు వెతికిపెట్టడం, సామాను చేరవేయడంలో సాయం, ఆ రుతువులో దొరికే చేపలూ, వేట మాంసమూ పంపడం!

ఫానీ ఒక్క అబద్ధమూ ఆడదు, గమనించారా? ఆవిడ ఎత్తిన ప్రతి విషయమూ విడిగా చూస్తే సబబే. అయితే ఆ లెక్కలో మొగుడి సౌఖ్యముంది, కొడుకు ఆస్తి ఉంది. లేనిది ఆ ఆడపిల్లల అవసరం. ఈ సంభాషణలో ఆస్టిన్ ఫానీని తిట్టదు. ఆవిడ చేత ఆలోచింపజేస్తుంది, అంతే. నేను చదివిన విమర్శల్లో ఇంత పదునైనది లేదు.

మనవాళ్ళు ఈ ఇంగ్లీషు మాటనే ముక్కకు ముక్క దించి "పరిగణనలోకి తీసుకొని" అన్నారు. పత్రికల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో అదే కనిపిస్తుంది. "అన్ని అంశాలనూ పరిగణనలోకి తీసుకొని మీ విన్నపం తిరస్కరించడమైనది" అని వస్తే, విన్నవించుకున్న మనిషి ఏ అంశం మీద తిరిగి అడగాలి? ఉత్తర్వులో కారణాలు విడమర్చి చెబితే దాన్ని న్యాయవాదులు "స్పీకింగ్ ఆర్డర్" అంటారు. మాట్లాడే ఉత్తర్వన్నమాట. మిగతావి మూగవనేగా!

మరి మన ఇళ్ళల్లో ఏమంటాం? మంచీ చెడ్డా చూశాం, ముందూ వెనకా ఆలోచించాం, లాభనష్టాలు బేరీజు వేశాం అంటాం. ఇవీ తీర్పు చెప్పేవాళ్ళ మాటలే. కాని ఇంకో జట్టు ఉంది. "లెక్కచేయలేదు", "లక్ష్యపెట్టలేదు", "ఖాతరు చేయలేదు". ఉర్దూ నుంచి మనింటికొచ్చిన ఈ ఖాతరుకి మూలంలో అర్థం మనసు అనే. అచ్చంగా "బేరింగ్ ఇన్ మైండ్"! అయితే ఇవన్నీ మన నోట ఎక్కువగా 'లేదు'తోనే వస్తాయి. లెక్కవేసినవాళ్ళు కాదు, లెక్కలోంచి జారిపోయినవాళ్ళు అనే మాటలివి. "ఈ ఇంట్లో నన్నెవరు లెక్కచేస్తారు?" అని అనని ఇల్లాలుంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టి వస్తాను.

ఆ మాట అనుకుంటూనే నాకు మా అమ్మాయి ప్రశ్న మళ్ళీ తగిలింది. కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కాయితం, కలం తీసుకున్నాను. 'అన్నీ' రాద్దామని.

ఒకటి, దూరం. రెండు, చలి. మూడు, తిండి. ఇంతవరకూ కలం చక్కగా నడిచింది. నాలుగు, నలుగురూ ఏమంటారో. ఇక్కడ కొంచెం తడబడింది. ఐదోది రాయడానికి మాత్రం పావుగంట పట్టింది. అది వెళ్ళిపోతే సాయంత్రాలు ఈ ఇంట్లో నాకు తోచదు.

పైనుంచి కింది దాకా మళ్ళీ చదువుకున్నాను. దానికి వెళ్ళాలని ఉందన్న సంగతి అందులో ఎక్కడా లేదు. నేనూ ఫానీనే!

ఆరో అంకె వేసి, పక్కన ఖాళీ ఉంచి, కాయితం దాని చేతికిచ్చాను. "ఇది నువ్వు రాయి" అన్నాను. అది ముందు నా ఐదోది చదివింది. చాలాసేపు నా వంక చూసి, కలం ఇమ్మంది.