మెలి విప్పే చేయి

నెలలు నిండిన ముర్రా గేదె పొద్దుటినుంచి ముక్కుతోంది, లేస్తోంది, పడుకుంటోంది. ఉమ్మనీరు మాత్రం పడలేదు. ఉయ్యూరు, పామర్రు, మొవ్వ వైపు పాడి రైతుకు ఇది గుండె దడ పుట్టించే సంగతి. డాక్టరుగారు భుజం దాకా గ్లవ్ తొడిగి చేయి లోపలికి పోనిస్తారు. దారి మరమేకు చుట్టులా ముడతలు పడి ఉంటే గర్భసంచి మెలిపడిందన్నమాట. ముడతలు ఎటు తిరిగాయో వేళ్లే చెప్పాలి, అక్కడ కళ్లకు పనిలేదు. గేదెల్లో ఈ మెలి ఎక్కువగా కుడివైపే పడుతుంది.

ఆ తర్వాత జరిగేది చూసి తీరాల్సిన పనితనం. మెలి పడిన వైపుకే గేదెను పడుకోబెడతారు. ముందుకాళ్లకు ఒక కట్టు, వెనక కాళ్లకు ఒక కట్టు. పొడవాటి చెక్కను ఒక కొస నేలకు ఆనేలా డొక్క మీద ఏటవాలుగా పెట్టి, దానిమీద మనిషిని నిలబెడతారు. మిగిలినవాళ్లు తాళ్లు పట్టి, మెలి తిరిగిన వైపుకే గేదెను మెల్లగా పొర్లిస్తారు. మెలి విప్పాలంటే ఎదురు తిప్పాలి కదా అనిపిస్తుంది. కానీ చెక్క గర్భసంచిని కదలకుండా అదిమిపడుతుంది, ఒళ్లు తిరిగి దాన్ని అందుకుంటుంది. దీన్ని షాఫర్ పద్ధతి అంటారు.

పొర్లించిన ప్రతిసారీ మళ్లీ చేయి పెట్టి చూస్తారు. ముడతలు వీడితే ఒక్కోసారి నీరు ఒక్కుమ్మడిగా దూకుతుంది. వీడకపోతే పంతం పట్టరు. గర్భసంచి చిరిగే ప్రమాదముంది గనుక ఆపరేషన్‌కి దిగుతారు. ఎక్కడ ఆపాలో తెలియడమే నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఇలాంటి చేతులు తయారయ్యే చోటు బెజవాడకు పక్కనే, గన్నవరంలో ఉంది. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో మొదలైంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. పాడి ఉన్న ఇంటి పిల్లలతో పాటు గేదె దగ్గరికి ఎన్నడూ పోని పట్నం పిల్లలూ చేరుతున్నారు, ఆడపిల్లలూ బాగా వస్తున్నారు. అంత బలం ఎక్కడిదని ఊరి పెద్దలు సందేహపడతారు. పొర్లించే బలం ఊరివాళ్లు ఇస్తారు, ఇరుకు దారిలో సన్నని చేయే సులువుగా పోతుంది.

చేతి తర్వాత చెప్పుకోవలసింది ప్రశ్న. ఈనిన కొద్ది వారాలకు గేదె కాఫీ రంగులో మూత్రం పోస్తుంది. డాక్టరు ముందు థర్మామీటరు పెడతారు. జ్వరం బాగా ఉంటే పిడుదుల వల్ల వచ్చే రోగమేమోనని రక్తం చూస్తారు. జ్వరం లేకపోతే మేత సంగతి అడుగుతారు: "ఎండుగడ్డి ఒక్కటేనా? జనుము, పిల్లిపెసర ఏమన్నా పెడుతున్నారా?" వరిగడ్డిలో భాస్వరం బాగా తక్కువ. పాలు దిగే రోజుల్లో ఆ లోటు ముదిరితే ఎర్రరక్తకణాలు పగిలి మూత్రంలో రంగు దిగుతుంది. మన డెల్టాలో పొలమంతా వరే కాబట్టి ఆ ప్రశ్నకు ఇక్కడ విలువ ఎక్కువ.

చేయి పెట్టకూడని వేళా ఉంది. "గొంతులో ఏదో అడ్డంపడిందండీ, కాస్త తీసిపెట్టండి" అని రైతు బతిమాలతాడు. గేదె చొంగ కారుస్తూ ఉంటుంది. డాక్టరు కుక్క కరిచిందా, అరుపు మారిందా అని అడుగుతారు. రేబిస్ అనుమానం తీరేదాకా ఆ నోట్లో చేయి పెట్టరు. రైతుకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని ఓర్చుకుని, చొంగ అంటుకున్న ఇంటిల్లిపాదినీ టీకాకు ఆసుపత్రికి పంపించాకే డాక్టరుగారు బండి ఎక్కుతారు.